దిగని ఫొటో: కళ్లజోడు కెమెరాలు, దారినపోయేవారి గోప్యత

2025 జనవరిలో అయోధ్య రామమందిరానికి వచ్చిన ఒక భక్తుడు తనిఖీ కేంద్రాలన్నీ దాటుకుని లోపలికి వెళ్లాక, ఆయన పెట్టుకున్న కళ్లజోడులో కెమెరా ఉందనీ, దానితో ఫొటోలు తీస్తున్నారనీ భద్రతా సిబ్బంది గుర్తించి అదుపులోకి తీసుకున్నారు. అదే ఏడాది జులైలో తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయంలోనూ, పూరీ జగన్నాథాలయంలోనూ ఇలాంటి ఘటనలే జరిగాయి. తిరుమల సహా అనేక పెద్ద ఆలయాల్లో సెల్‌ఫోన్‌ను లోపలికి అనుమతించరు. కౌంటరులో అప్పగించి వెళ్లవలసిందే. అయితే చూపు సరిగా ఆనని మనిషిని కళ్లజోడు కూడా తీసి ఇచ్చి వెళ్లమనడం ఎవరికీ సాధ్యం కాదు. ఫోనును ఆపగలిగిన ద్వారం దగ్గర కళ్లజోడు అందరి కళ్ల ముందే లోపలికి వెళ్లిపోతోంది.

ఆలయానికి కనీసం ఒక ద్వారం ఉంది, ఒక నియమం ఉంది, ఆ నియమాన్ని అమలు చేసే కాపలాదారు ఉన్నాడు. బస్టాపుకు, రైతుబజారుకు, ఆసుపత్రి ఓపీ వరుసకు, మెట్రో పెట్టెకు అవేవీ లేవు. ఒంటిమీద ధరించే కెమెరాల గురించి జరుగుతున్న చర్చలో ఎక్కువ భాగం వాటిని కొనుక్కునేవారి సమాచారం ఎక్కడికి పోతుందన్న దాని చుట్టూ తిరుగుతోంది. అది చిన్న విషయమేమీ కాదు గానీ, కొన్నవాడికి పెట్టె మీద రాసిన షరతులు చదివే అవకాశమైనా ఉంటుంది. అతని ఎదురుగా నిలబడిన మనిషికి ఆ పరికరం ఉందన్న సంగతే తెలియదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండో మనిషి గురించి.

ఫొటో విషయంలో తెలుగు భాష ఒక చక్కని తేడాను పాటిస్తుంది. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో తీస్తాడు. ఎదురుగా ఉన్నవాడు ఫొటో దిగుతాడు. దిగడం అనేది ఆ ఎదుటి మనిషి చేసే పని. పైట సర్దుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, నవ్వడం, లేదా ఇష్టం లేకపోతే ముఖం తిప్పుకోవడం, కొంగు అడ్డం పెట్టుకోవడం, ‘నా ఫొటో ఎందుకు తీస్తున్నావు’ అని నిలదీయడం, ఇవన్నీ ఆ పనిలో భాగాలే. తీసేవాడికీ దిగేవాడికీ మధ్య మాటల్లేకుండానే ఒక ఒప్పందం కుదురుతుంది, లేదా కుదరదు. ఆ ఒప్పందానికి ఆధారం కెమెరాను పైకి ఎత్తే చెయ్యి. సెల్‌ఫోన్ వచ్చాక కెమెరా ప్రతి జేబులోకీ చేరింది గానీ, చెయ్యి ఎత్తే సైగ మాత్రం అలాగే మిగిలింది. రోడ్డు మీద ఎవరైనా ఫోన్ నిలువుగా పట్టుకుని ముఖం ఎత్తున నిలిపితే చుట్టూ ఉన్నవారు ఇప్పటికీ గమనిస్తారు. కళ్లజోడు కెమెరా ఆ సైగను తీసేసింది. చూడటమూ చిత్రీకరించడమూ ఒకేలా కనిపించేచోట తీసేవాడు మాత్రమే ఉంటాడు, దిగేవారు ఉండరు.

ఈ మార్పు మొదటిసారి వచ్చింది కాదు. పూర్వం ఫొటో అంటే స్టూడియోలో కదలకుండా కూర్చుని దిగవలసిందే. కూర్చోవడంలోనే సమ్మతి ఉండేది. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను అమ్మకానికి తెచ్చిన తర్వాత ఆ అవసరం పోయింది. చేతిలో పట్టే పెట్టెతో, ఎదుటివారికి తెలియకుండా, క్షణంలో ఫొటో తీయడం ఎవరికైనా సాధ్యమైంది. రెండేళ్లకు, 1890లో, బోస్టన్ న్యాయవాదులు శామ్యూల్ వారెన్, లూయిస్ బ్రాండైస్ కలిసి హార్వర్డ్ లా రివ్యూలో గోప్యత హక్కు మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో సరిగ్గా ఈ సంగతినే ఎత్తిచూపారు. కూర్చుని దిగినంతకాలం ఒప్పంద చట్టం సరిపోయిందనీ, చాటుగా తీయడం సాధ్యమయ్యాక దానికి వేరే రక్షణ కావాలనీ వారి వాదన. ఆధునిక గోప్యతా చట్టానికి మూలమైన ఆలోచన ఒక కెమెరా రూపం మారడం వల్ల పుట్టిందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

సెల్‌ఫోన్ కెమెరాలు వచ్చిన తొలి రోజుల్లో జపాన్, దక్షిణ కొరియా దేశాలకు ఇదే చిక్కు ఎదురైంది. రైళ్లలో, ఎస్కలేటర్ల మీద మహిళలను దొంగచాటుగా ఫొటో తీసే ధోరణి పెరగడంతో, అక్కడ అమ్మే ఫోన్లలో ఫొటో తీసినప్పుడల్లా శబ్దం తప్పనిసరిగా వచ్చేలా, సైలెంట్‌లో పెట్టినా అది ఆగకుండా ఏర్పాటు చేశారు. కొరియాలో ఇది 2004 నుంచి సాంకేతిక ప్రమాణంగా అమల్లోకి వచ్చింది. జపాన్‌లో కంపెనీలు తమకు తాముగా పాటించాయి. ఆ శబ్దం నేరాలన్నిటినీ ఆపలేకపోయింది. అయినా అందులో ఒక సరైన ఆలోచన ఉంది: పరికరం పోగొట్టిన సైగను పరికరమే తిరిగి ఇవ్వాలి, ఆ బాధ్యత తయారీదారుది.

2013లో గూగుల్ గ్లాస్ 1,500 డాలర్ల ధరకు అమెరికాలో కొద్దిమంది చేతికి వచ్చినప్పుడు జనం దాన్ని తిరస్కరించడానికి ఒక కారణం అది కనబడటమే. కంటి పైభాగాన గాజు పట్టకం, పక్కన మందమైన కమ్మీ ఉండటంతో దాన్ని పెట్టుకున్నవారు వంద మందిలో ఉన్నా తెలిసిపోయేవారు. సియాటిల్‌లో ఒక బారు దాన్ని పెట్టుకుని రావద్దని ముందుగానే ప్రకటించింది. మరికొన్ని చోట్ల పెట్టుకున్నవారితో గొడవలు జరిగాయి. ముఖాలను గుర్తుపట్టే యాప్‌లను అనుమతించబోమని గూగుల్ అదే ఏడాది ప్రకటించవలసి వచ్చింది, 2015 జనవరిలో సాధారణ వినియోగదారులకు అమ్మకం ఆపేసింది. ఆ వైఫల్యం నుంచి పరిశ్రమ నేర్చుకున్న పాఠం వేరు. జనానికి అభ్యంతరం కెమెరా మీదా, లేక కెమెరా కనబడటం మీదా అన్న ప్రశ్నకు రెండో జవాబునే అది ఎంచుకున్నట్టుంది.

ఎందుకంటే ఇప్పుడు మార్కెట్లో ఉన్న కళ్లజోళ్లు మామూలు కళ్లజోళ్లలాగే ఉంటాయి. ఫేస్‌బుక్ సంస్థ (ఇప్పటి పేరు మెటా) కళ్లద్దాల కంపెనీ ఎసిలార్‌లగ్జోటికాతో కలిసి 2021 సెప్టెంబరులో రేబాన్ స్టోరీస్‌ను, 2023 అక్టోబరులో రేబాన్ మెటాను తెచ్చింది. రెండోదానిలో 12 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. బరువు 50 గ్రాములకు అటూ ఇటూ. 2025 మేలో ఇది 29,900 రూపాయల ప్రారంభ ధరతో భారత్‌కు వచ్చి, కళ్లద్దాల దుకాణాల్లోనే, కావాలంటే పవర్ అద్దాలతో సహా దొరుకుతోంది. మంచి ఫోన్ ఒకటి కొనే డబ్బుతో వచ్చే వస్తువు ఇది. కొద్ది సంవత్సరాల్లో ఇంతకంటే చౌకగా, పేరులేని కంపెనీల నుంచి కూడా వస్తుందని ఊహించడానికి ఫోన్ల చరిత్ర చాలు.

ఎదుటివారికి తెలియడం కోసం ఈ కళ్లజోళ్లలో ఉన్న ఏర్పాటు చట్రం మూలన వెలిగే చిన్న తెల్లటి ఎల్‌ఈడీ దీపం. తొలి నమూనా వచ్చిన నెలలోనే ఐర్లండ్, ఇటలీ సమాచార రక్షణ సంస్థలు ఈ దీపం అసలు పని నెరవేరుస్తుందా అని సందేహం వ్యక్తం చేసి, దాని ప్రభావాన్ని నిరూపించమని కంపెనీని కోరాయి. తర్వాతి నమూనాలో దీపాన్ని పెద్దది చేశారు, దాన్ని మూసేస్తే కెమెరా పనిచేయకుండా ఏర్పాటు చేశారు. ఇది నిజంగానే మెరుగుదల. కానీ కొంత డబ్బు తీసుకుని ఆ దీపం వెలగకుండా కళ్లజోడును మార్చి ఇచ్చే పని కూడా మొదలైందని 2025లో అమెరికాలో వార్తలు వచ్చాయి.

దీపాన్ని ఎవరూ తొలగించకపోయినా దాని పరిమితి దానికుంది. మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ బీసెంట్ రోడ్డులో బఠానీ గింజంత వెలుగు ఎవరి కంట పడుతుంది? పడినా, అలాంటి కళ్లజోడు ఉంటుందన్న ఊహే లేని పూలమ్మే ఆమెకు ఆ వెలుగు ఏం చెబుతుంది? చేయి ఎత్తి ఫోన్ పట్టుకోవడం అందరికీ అర్థమయ్యే సైగ. కళ్లజోడు మూలన వెలుగు ఆ వస్తువును ముందే ఎరిగినవారికి మాత్రమే అర్థమయ్యే సైగ. చదువూ డబ్బూ సాంకేతిక పరిచయమూ ఉన్నవారికి కొంత రక్షణ, మిగిలినవారికి అది కూడా లేకపోవడం ఈ ఏర్పాటులోని అసలు లోపం. పైగా, దీపం చూసి గ్రహించిన మనిషి ఏం చేయాలి? అడ్డు చెప్పే, వద్దనే భారమంతా మళ్లీ అతని మీదే పడుతోంది.

ఫొటో తీయడంతో వ్యవహారం ముగిసిపోతే ఇంత ఆందోళన అక్కరలేదేమో. ఈ కళ్లజోళ్లను ‘ఎదురుగా ఉన్నది ఏమిటో చెప్పు’ అని అడిగితే, కెమెరా చూసిన దృశ్యం కంపెనీ సర్వర్లకు వెళ్లి కృత్రిమ మేధ దాన్ని పరిశీలించి జవాబు చెబుతుంది. అలా పంపిన చిత్రాలను తన కృత్రిమ మేధ శిక్షణకు వాడుకోవచ్చని మెటా చెబుతోంది. 2025 ఏప్రిల్‌లో నిబంధనలు మార్చి, గొంతుతో పిలిచే సదుపాయాన్ని ఆపేస్తే తప్ప కృత్రిమ మేధకు కెమెరా వాడకం అందుబాటులో ఉండేలా చేసింది. ఆజ్ఞాపించిన మాటల రికార్డింగులను నిల్వ చేయవద్దనే ఎంపికను కూడా తొలగించింది. కళ్లజోడు పెట్టుకున్నవారు కావాలంటే సెట్టింగులు మార్చుకోగలరు. వారి వెనక వరుసలో నిలబడిన మనిషికి ఖాతా లేదు, సెట్టింగులు లేవు, తన ముఖం ఎక్కడ నిల్వ ఉందో అడగడానికి ఒక చిరునామా కూడా తెలియదు.

అంతకు మించిన ప్రమాదం ముఖానికి పేరు దొరకడం. 2024 అక్టోబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు ఇవే కళ్లజోళ్ల నుంచి వచ్చే వీడియోను, ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే ముఖాల శోధన సేవకూ, చాట్‌జీపీటీ తరహా భాషా నమూనాకూ, ప్రజల వివరాలు అమ్మే వెబ్‌సైట్లకూ జోడించి, రైల్లో ఎదురైన అపరిచితుల పేర్లూ చిరునామాలూ ఫోన్ నంబర్లూ రాబట్టడం ఎంత తేలికో చూపించారు. ఆ సాధనాన్ని వారు విడుదల చేయలేదు, హెచ్చరికగానే చూపారు. కానీ అందులో వాడిన ముక్కలేవీ కొత్తవి కావు, రహస్యమైనవీ కావు.

ఇలాంటి కూర్పు తెలుగు నేల మీద ఏమవుతుందో ఆలోచించాలి. ఇక్కడ మనిషి పేరు దొరికితే పేరొక్కటే దొరకదు. ఇంటిపేరు వెంట ఊరు వస్తుంది, చాలాసార్లు కులం వస్తుంది. ఓటర్ల జాబితాలు పోలింగ్ కేంద్రాలవారీగా ఇంటర్నెట్‌లో ఉంటాయి. వాటిలో పేరు, వయసు, ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి. ఇంతకాలం ఒక ముఖానికీ ఈ వివరాలకూ మధ్య అడ్డుగా ఉన్నది కష్టం మాత్రమే. దారిన కనబడిన మనిషి ఎవరో తెలుసుకోవాలంటే నలుగురిని అడగాలి, వెంటపడాలి, ఆ ప్రయత్నం ఎవరో ఒకరి కంటపడుతుంది. ఆ కష్టం తొలగిపోతే, పెద్దల్ని కాదని పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో కాపురం పెట్టిన జంటకూ, హింస నుంచి పారిపోయి వచ్చిన భార్యకూ, ఒంటరిగా హాస్టల్‌లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయికీ పెద్ద నగరం ఇచ్చే అజ్ఞాతం అనే రక్షణ పోతుంది. పల్లె వదిలి హైదరాబాద్‌కో బెంగళూరుకో వచ్చినవారిలో ఎందరికో, నగరం ఇచ్చిన గొప్ప స్వేచ్ఛ తామెవరో ఎవరికీ తెలియకపోవడమే.

బహిరంగ స్థలంలో గోప్యత ఎక్కడిది, రోడ్డు మీదికి వచ్చినవారిని అందరూ చూస్తారు కదా అనే వాదన ఎప్పుడూ వినబడుతుంది. నలుగురి కంటపడటానికీ రచ్చకెక్కడానికీ తేడా తెలియని తెలుగువారు ఉండరు. కంటపడిన దృశ్యం చూసినవారి జ్ఞాపకంతోపాటు మాసిపోతుంది; చిత్రీకరించినది ఎక్కడైనా, ఎప్పుడైనా, ఏ వ్యాఖ్యతోనైనా మళ్లీ కనబడుతుంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి గోప్యతను కోల్పోడనీ, అది స్థలానికి కాక మనిషికి అంటిపెట్టుకుని ఉంటుందనీ జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పు స్పష్టం చేసింది. సిద్ధాంతం ఉంది. దాన్ని వీధిలో అమలుచేసే చట్టమే కనబడదు.

మహిళ ఏకాంతంగా ఉన్నప్పుడు, ఎవరూ చూడరని నమ్మే స్థితిలో ఉన్నప్పుడు చాటుగా చిత్రీకరించడం 2013 నుంచి ప్రత్యేక నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో ఉంది. సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ శరీరంలోని గుహ్య భాగాలను సమ్మతి లేకుండా చిత్రీకరించడాన్ని శిక్షిస్తుంది. రెండూ అవసరమైనవే, రెండూ ఏకాంతానికీ నగ్నతకూ సంబంధించినవే. ఏకాంతాన్ని ఆశించే వీలులేని చోట మహిళ ఫొటో తీయడం ఆ ప్రత్యేక నేరం కిందికి రాదని 2024 నవంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. చట్టంలోని మాటలను బట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. 2025 జులైలో, వీధుల్లో నడిచే మహిళలను వారికి తెలియకుండా చిత్రీకరించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్న ఒక వ్యక్తిని బెంగళూరు పోలీసులు అరెస్టు చేశారు. ఆ వీడియోల వల్ల తనకు అసభ్య సందేశాలు వచ్చాయనీ, ఆ ఖాతా మీద ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోయిందనీ ఒక విద్యార్థిని బహిరంగంగా చెప్పిన తర్వాత జరిగిన చర్య అది. అక్కడ కెమెరా కళ్లజోడులోది కావాలన్న అవసరం కూడా లేకపోయింది. సోషల్ మీడియా సంస్థలు నిర్ణీత గడువులో తొలగించాలన్న 2021 నిబంధన కూడా నగ్న, లైంగిక దృశ్యాలకూ నకిలీ చిత్రాలకూ వర్తించేదే. నిండుగా బట్టలు కట్టుకుని నడిచి వెళ్తున్న అమ్మాయి వీడియోకు ఆ గడువు రక్షణ దొరకదు.

ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాల కోసం సేకరించే సమాచారానికి ఈ చట్టం వర్తించదని మూడో సెక్షన్ చెబుతోంది. ఈ మినహాయింపు లేకపోతే మేనకోడలి పెళ్లి వీడియో తీసిన మేనమామ కూడా పెళ్లికి వచ్చినవారందరికీ నోటీసులివ్వాల్సి వస్తుంది. కాబట్టి అది ఉండవలసిందే. చిక్కల్లా దాని హద్దు ఎక్కడన్నది చట్టం చెప్పకపోవడంలో ఉంది. వీధిలో రోజంతా కెమెరా కళ్లజోడుతో తిరిగేవాడు కూడా ‘నా సొంతానికే’ అనగలడు. ముఖ కొలతల వంటి సున్నితమైన సమాచారానికి 2019 నాటి బిల్లులో ప్రతిపాదించిన ప్రత్యేక శ్రేణి కూడా 2023 చట్టంలో లేదు.

యూరప్‌లో ఇదే హద్దు మీద ఒక ముఖ్యమైన తీర్పు వచ్చింది. చెక్ రిపబ్లిక్‌లో ఒకాయన ఇంటి మీద పదేపదే దాడులు జరగడంతో చూరు కింద కెమెరా బిగించుకున్నాడు. అది గుమ్మాన్నే కాక ముందున్న వీధినీ, ఎదురింటినీ కూడా చిత్రీకరించేది. కిటికీ అద్దం పగలగొట్టినవారు దానివల్లే దొరికారు. వారిలో ఒకరు ఆ చిత్రీకరణ చట్టబద్ధత మీద ప్రశ్న లేవదీయగా, వీధిని చిత్రీకరించే కెమెరా కేవలం ఇంటి అవసరం కాజాలదని 2014 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. ఇంటిని కాపాడుకోవాలన్న ఆయన న్యాయమైన కారణాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు గానీ, చట్టం అసలు వర్తించదనడం మాత్రం కుదరదని దాని సారాంశం. చూరు కింద కదలకుండా ఉన్న కెమెరాకే ఆ హద్దు ఉన్నప్పుడు, మనిషి ముఖం మీద ఊరంతా తిరిగే కెమెరాకు ఉండకూడదనడానికి కారణం కనబడదు. భారత చట్టంలోని మినహాయింపును కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. చిత్రం తీసినవాడి పరికరం దాటి కంపెనీ సర్వర్‌కు వెళ్లిన క్షణం నుంచి అది సొంత అవసరం అనిపించుకోకూడదు.

నగరాల నిండా సీసీ కెమెరాలున్నాయి కదా, ఇంకొన్ని చేరితే ఏమవుతుందన్న మాట కూడా వినబడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వందమంది గుమిగూడే సంస్థలన్నీ కెమెరాలు పెట్టాలని 2013లోనే చట్టం చేశారు. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల ఛాతీ మీద కెమెరాలు వచ్చి ఏళ్లయింది. వాటిమీద ప్రశ్నలు లేవని కాదు. ముఖాలను గుర్తించే సాంకేతికతను పోలీసులు వాడటాన్ని సవాలు చేసిన పిటిషన్‌పై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అంటే ఆ కెమెరా ఎక్కడుందో, ఎవరిదో తెలుసు. ఎవరిని కోర్టుకు పిలవాలో తెలుసు. దారిన ఎదురైన కళ్లజోడు విషయంలో ఆ మొదటి అడుగే పడదు.

ఈ పరికరాలు నిజంగా వెలుగునిచ్చే మనుషులూ ఉన్నారు. చూపు లేనివారికి ఎదురుగా ఉన్న బోర్డు మీద ఏముందో, వచ్చే బస్సు ఎక్కడికి వెళ్లేదో, చేతిలో ఉన్న నోటు ఎంతదో చెప్పగల కళ్లజోడు వారికి ఎంతో స్వతంత్రతనిస్తుంది. దూరాన ఉన్న స్వచ్ఛంద సహాయకుల కళ్లతో చూడటానికి తోడ్పడే బీ మై ఐస్ సేవ ఈ కళ్లజోళ్లతో ఇప్పటికే పనిచేస్తోంది. వేధింపులను ఎదుర్కొనే మహిళకు, అధికార దుర్వినియోగానికి సాక్షిగా నిలిచిన పౌరుడికి కూడా కెమెరా ఆయుధమే. అందుకే నిషేధం సరైన దారి కాదు. అయితే అంధుడికి కావలసింది ఆ క్షణంలో ఎదుట ఉన్నదేమిటో తెలియడం. దారిలో ఎదురైన ముఖాలన్నీ ఒక కంపెనీ దగ్గర నిల్వ ఉండటం అతనికి అక్కరలేదు. చూడటాన్నీ దాచుకోవడాన్నీ విడదీసి, మొదటిదాన్ని పరికరంలోనే పూర్తిచేసి చెరిపేసేలా తయారుచేయడం ఇప్పటికే చాలావరకు సాధ్యం.

అలా తయారుచేయమని అడగవలసింది తయారీదారులను. చిత్రీకరణ సాగినంతసేపూ దగ్గరివారికి వినబడే శబ్దం, దీపాన్ని తొలగిస్తే కెమెరా శాశ్వతంగా ఆగిపోయే అమరిక, అపరిచితుల ముఖాలకు పేర్లు వెతకడంపై స్పష్టమైన నిషేధం, ఇవి అమ్మకానికి ముందే ఉండవలసిన షరతులు. హాస్టళ్లు, ఆసుపత్రులు, బట్టల దుకాణాల ట్రయల్ రూములు, పరీక్షా కేంద్రాలు తమ గోడల మీద ‘ఫోన్లకు అనుమతి లేదు’ అని రాసుకున్న బోర్డులను తిరగరాయాలి. పవర్ అద్దాలు తప్పనిసరి అయినవారు మామూలు కళ్లజోడు వెంట తెచ్చుకోవాలన్న నియమం ఇబ్బందే అయినా అసాధ్యమేమీ కాదు.

సమాచార రక్షణ చట్టం కింద నియమావళిని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. అప్పుడు కోఠి బస్టాపులో తన వీడియో ఎవరో కళ్లజోడుతో తీశారని తెలుసుకున్న ఒక మహిళ సమాచార రక్షణ బోర్డును ఆశ్రయిస్తే, ‘సొంత అవసరం’ అన్న రెండు మాటల అర్థం మొదటిసారి అక్కడ తేలవలసి ఉంటుంది.